బొటనవేలి కింద లెక్క

రవళి లాప్‌టాప్ తెచ్చి
కాలిపోయిన స్టేటర్ మీద పెట్టింది.
నా షాపుల బల్ల ఎన్నడు ఖాళీగుండది.
"పేరు చెప్పు కాకా" అన్నది.

బోర్డు మీదిది చదివిన:
శ్రీ సమ్మక్క సారలమ్మ మోటార్ వైండింగ్ వర్క్స్, పరకాల.
అంత పొడుగైతే ఎవలు కొడ్తరన్నది.
తల్లుల పేర్లు ఎప్పుడో ఎవలో పట్టుకున్నరట.
ఇగ మిగిలింది ఓదెలు.
ఇంగ్లీషుల ఆధార్ కార్డుకు ఒక తీరు,
కరెంటు బిల్లుకు ఇంకో తీరు.
బిల్లుదే ఖాయం చేసిన,
నా బతుకంత కరెంటుతోనేనాయె.

ఏడాదికి పన్నెండు వందలట.
కట్టకుంటే పేరు వేరేటోనికి పోతదట.
మూడెకరాలు కౌలుకు పట్టిన గని
నా పేరును నేను కౌలుకు పట్టుడు
గిదే మొదలు.

"మా గురించి" అని ఒక డబ్బ.
ఏమన్న చెప్పు, రాస్తా అన్నది.
చాయ చల్లారిపోయింది.
మండిబజార్ల యాకూబ్ ఉస్తాద్ దగ్గర
రెండేండ్లు ఉత్త పాత తీగ పీకిన.
ముక్కుతోని నేర్చుకోరా అనేటోడు.
ఒక ఫేజు పోయి కాలిన వాసన వేరు,
బేరింగు పట్టి కాలిన వాసన వేరు,
బోరెండినంక కూడా ఆశ చావక నడిపిన మోటరు వాసన
ఇంకా వేరు.
ఇవి ఆ డబ్బల పడ్తయా?
"ముప్పై ఏండ్ల అనుభవం, నాణ్యమైన సేవ"
అని కొట్టింది పిల్ల.
చదివితే ఎవలో పెద్దమనిషి యాదికొచ్చిండు.

షాపు టైమింగులు?
మోటరెప్పుడు కాల్తే అప్పుడు.
నవ్వింది.
పొద్దుగాల తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది అని పెట్టింది.
వరి పొట్టమీదున్నప్పుడు
అర్ధరాత్రి షట్టరు కొట్టేటోనికి
గా ముచ్చట ఎవలు చెప్పాలె?

ఫోటోలు దిగినం.
ఎర్రగ మెరిసే కొత్త రాగి చుట్టలు,
వార్నిష్ డబ్బ, నేను, నా కంటద్దాలు.
అప్పుడు చూసింది నోటుబుక్కు.
ఉస్తాద్ ఇచ్చిపోయింది, అట్టకు సైకిల్ ట్యూబు కట్టింది.
ఏ కంపెనీ మోటరుకు ఏ గేజు తీగ,
స్లాటుకు ఎన్ని చుట్లు,
సగం ఉర్దూ అంకెలు, సగం నా కోడిగీతలు.
"కాకా, గిదే పెడదాం మొదటి పేజీల!"

నా పానం ఆగమైంది.
ఈ లెక్క కోసం
హన్మకొండ నుంచి ఒకడు
మందు సీసా పట్టుకొచ్చి కూసున్నడు ఒకనాడు.
సీసా ఒడిసింది, లెక్క చెప్పలే.
పిల్ల మొఖం చూసిన.
పుస్తకం తెరిచి పట్టుకున్న,
చుట్ల సంఖ్య మీద బొటనవేలు పెట్టి.
వార్నిష్ మరకలు, అడ్డంగ పగిలిన గోరు.
ఇప్పుడది దేశమంత కనవడ్తదట,
నా వేలు.

వారం దినాల్ల పదకొండు మంది చూసిన్రు.
అందుల తొమ్మిదిసార్లు నేనే.
ఒక ఫోనొచ్చింది, గుండె దడదడ.
లోను కావాల్నా సార్ అన్నదొక పిల్ల.

మొన్న నడికూడ సారయ్య
ట్రాక్టర్ల మోటరేసుకొచ్చిండు, గూడెండ్ల నుంచి నీళ్లు కారంగ.
దించకముందే ఫోను చేతిల పెట్టిన,
చూడే మామా, నా వెబ్‌సైటు.
మడికట్ల బురద ఆరని వేలుతోని
కిందికి జరిపిండు, మీదికి జరిపిండు,
నా బొటనవేలి మీద ఆగిండు.
"మంచిగున్నది" అన్నడు.
"రేపటికిస్తవా?"

అద్దం మీద సన్నటి మట్టిగీత,
ఫోటోల నా గోరుకు అడ్డంగ.
ఫోను జేబుల ఏసుకొని
మోటరు మూత విప్పిన.
ముక్కు దగ్గరికి పెట్టుకున్న.